లక్నవరం పోతున్నరట గద అక్కా, ముందు నీళ్ల సంగతి విను

అక్కా, దసరాకు లక్నవరం పోయి రెండు రాత్రులు ఉండొస్తమని బావ చెప్పిండు. వినంగనే నాకు పాణం లేచొచ్చింది. పిల్లలు పుట్టినప్పటి సంది మీరు ఒక్కదగ్గర నిమ్మళంగ కూసున్నది లేదు. పోండి, తప్పకుండ పోండి. కాని "రూము ఎప్పుడు దొరికితే అప్పుడు పోతం, దొరక్కుంటే ఎండాకాలం సెలవుల్లో చూస్తం" అన్నడు చూడు, అదొక్కటి నాకు నచ్చలే. ఎండాకాలమైతే వద్దక్కా. అక్కడికి పోయేది నీళ్ల కోసం. ఆ నీళ్లు ఎప్పుడు ఎంతుంటయో తెలుసుకుని రోజులు పెట్టుకోవాలె, రూము సంగతి ఆ తర్వాత.

ఎందుకంటే లక్నవరం సరస్సు సరస్సు అంటరు గని, అది చెరువు. కాకతీయుల నాటి చెరువు. పాఖాల, రామప్ప, ఘనపురం, లక్నవరం, మన పాత వరంగల్ జిల్లాకు ఈ నాలుగూ వాళ్లు ఇచ్చిపోయినవే. లక్నవరంల వాళ్ల తెలివి చూడు: గుట్టల నడుమ మూడు ఇరుకు సందులుంటే, ఆ మూడింటికీ చిన్న చిన్న కట్టలు పోసిన్రు. మిగిలిన కట్టంతా గుట్టలే. అందుకే అక్కడ నిలబడితే కట్ట ఏడుందో తొందరగ కానరాదు, అడివిల నీళ్లు వాటంతటవే ఆగినట్టుంటది. నీళ్లల్ల మునగకుండ మిగిలిన గుట్టల నెత్తులే ఇప్పుడు మనం దీవులంటున్నయి. ఏడు వందల ఏండ్లు దాటినా ఆ కట్టల కింద ఇంకా వరి పండుతున్నదంటే, అక్కడ నిలబడ్డప్పుడల్లా నాకు ఒళ్లు గగుర్పొడుస్తది.

చెరువన్నంక అది ముందు రైతుది. వానాకాలం నిండుతది, యాసంగికి తూము ఎత్తి పొలాలకు ఇడుస్తరు. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి నీళ్లు లోపలికి జరుగుతయి, దీవుల చుట్టూ ఎర్రమట్టి అంచు తేలుతది. అది చూసి "అరే, ఫొటోలల్ల ఇట్ల లేదు గద" అని ముఖం చిన్నబుచ్చుకునేటోళ్లుంటరు. ఆ నీళ్లు ఎటు పోయినయో కట్ట కిందికి దిగి పొలాలు చూస్తే తెలుస్తది. పిల్లలకు అది తప్పకుండ చూపియ్యి. తూము చూపియ్యి, కాలువ చూపియ్యి. బడిల కాకతీయుల పాఠం చదివిన పిల్ల, ఆ పాఠం ఇంకా పారుతుంటే కండ్లతోని చూస్తది.

కాబట్టి దసరా మంచి సమయం. చెరువు నిండుగుంటది. వానలు బాగా పడ్డ ఏడాదైతే మత్తడి దుంకుతది. అడివి పచ్చగుంటది, ఎండ చురుక్కుమనదు. ఇంకొక మాట. సద్దుల బతుకమ్మ నాడు నువ్వు ఇంట్ల లేకుంటే మీ అత్తమ్మ ఒప్పుకోదు, నేను అసలే ఒప్పుకోను. దసరా నాడు జమ్మి, పాలపిట్ట, అలయ్ బలయ్ అన్నీ అయిపోనీ. తెల్లారి ఏకాదశి నాడు బయలెల్లండి. ఏకాదశి, ద్వాదశి రాత్రులంటే చంద్రుడు పొద్దుగూకేటప్పటికే పైనుంటడు, అర్ధరాత్రి దాటినంకనే దిగుతడు. చెరువు మీద వెన్నెల చూసుడు అంటే ఆ రెండు రాత్రులే. పున్నమి దాంక ఆగుదామంటే అప్పటికి బడి తెరుస్తరు. ఒక్కరోజు బడి మానిపిస్తే నేనైతే తప్పు పట్ట.

ఇప్పుడు రూము. టూరిజం వాళ్ల హరిత కాటేజీలున్నయి, వాళ్ల వెబ్‌సైటుల ముందుగల్లనే బుక్ చేసుకోవచ్చు. దసరా, సంక్రాంతి, శని ఆదివారాలు అయితే హైదరాబాదోళ్లు మనకన్నా ముందే పట్టేస్తరు. వాళ్లకు 220 కిలోమీటర్ల దూరమైనా వస్తరు, మన హన్మకొండకు అందుల సగం కూడ లేదు. బుక్ చేసే ముందు ఫోన్ చేసి నాలుగు మాటలు అడుగు: రూము ఒడ్డు మీద ఉందా, దీవి మీద ఉందా? కరెంటు పోతే జనరేటర్ రాత్రంత నడుస్తదా? వేడినీళ్లొస్తయా? రాత్రి అన్నం ఎన్ని గంటలకు బందు చేస్తరు?

మొదటిది మాత్రం మీతోని వచ్చే అత్తమ్మ కోసం తప్పకుండ అడగాలె. దీవి మీదికి పోవాలంటే వేలాడే వంతెన మీద నడవాలె. మనకు సంబురంగుంటది, పిల్లలైతే కావాలని ఎగురుతరు, వంతెన ఊగుతది. మోకాళ్ల నొప్పులున్న మనిషికి, కండ్లు తిరిగే మనిషికి అది భయం. సామాను మోసుకుని దాటుడు ఇంకొక పని. బాత్‌రూముల మెట్లున్నయా, కమోడ్ ఉందా అని కూడ అడుగు. సిగ్గు పడేదేం లేదు అందుల. అత్తమ్మ రెండు రోజులు సుఖంగ ఉంటేనే మీకూ సుఖం. నా మాటైతే ఒడ్డు మీద రూము తీస్కోండి, పగటిపూట జనం పలచగున్నప్పుడు ఆమెను చెయ్యి పట్టుకుని మెల్లగ వంతెన దాటించండి. వద్దంటే బలవంతం చెయ్యకండి. ఒడ్డున కుర్చీ ఏసుకుని కూసున్నా ఆ చెరువు ఏం తక్కువ కానరాదు.

టెంట్లంటవా? బావకు టెంటుల పండుకోవాలని ఉందట, నాకు తెలుసు. పిల్లలకు కూడ అదే ఇష్టం. టెంటు మంచిగనే ఉంటది గని, ఎక్కడ ఏస్తున్నరనేది చూడాలె. టూరిజం వాళ్లో అటవీ శాఖ వాళ్లో ఏర్పాటు చేసిన జాగల మాత్రమే. తాడ్వాయి దగ్గర అడివి మధ్యల అటవీ శాఖ హట్‌లున్నయి, అడివిలనే ఉండాలనుకునేటోళ్లకు అవి మేలు. మనమే కారు ఆపుకుని వాగు ఒడ్డున ఎక్కడో ఒకచోట డేరా ఏసుకుందామంటే మాత్రం నేను ఒప్పుకోను. అది ఏటూరునాగారం అభయారణ్యం. అనుమతి లేకుండ రాత్రి ఉండకూడదు. ఇక రెండోది, వాగు.

ఈ వాగు సంగతి జర గట్టిగనే చెప్తున్న అక్కా. చెరువు పక్కన పండుకోవచ్చు, వాగు పక్కన పండుకోవద్దు. చెరువుకు కట్ట ఉంటది, మత్తడి ఉంటది, ఎంత నిండినా మెల్లగ నిండుతది. వాగు అట్ల కాదు. నీ నెత్తి మీద చుక్క వాన లేకున్నా పైన గుట్టల్ల పడితే గంటల్ల మీదికొస్తది. 2023 జూలై యాదికుందా? మన ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది. రాష్ట్రంల అంతకుముందు ఒక్కరోజుల అంత వాన లెక్కకు రాలే. జంపన్న వాగు పొంగి ఏటూరునాగారం పక్కన కొండాయి ఊరు మునిగింది, మనుషులు కొట్టుకపోయిన్రు. అదే వానకు ముత్యాలధార జలపాతం చూడనీకి పోయినోళ్లు, తిరిగొచ్చే తోవల వాగు నిండి పదుల సంఖ్యల రాత్రంత అడివిలనే చిక్కుకున్నరు. ఎన్‌డీఆర్‌ఎఫ్ వాళ్లు పోయి బయటికి తెచ్చిన్రు. పోయేటప్పుడు వాళ్లు దాటిపోయిన వాగే అది. అందుకే వానాకాలం నడుమ ఎవరన్నా పోతమంటే నేను వద్దంట. అక్టోబర్ల కూడ తుఫాను పడుతున్నదని వార్తల్ల చెప్తే ఆ రెండు రోజులు ఆగండి. బుకింగ్ పైసలు పోతే పోనీ.

ఇక గోదావరి. లక్నవరం దాంక పోయి గోదావరి చూడకుండ రావద్దు. జాతీయ రహదారి మీద పస్రా, తాడ్వాయి దాటి అడివి నడుమ పోతే ఏటూరునాగారం వస్తది. ఆడ రామన్నగూడెం ఘాట్ ఉంది. ఇంకా ముందుకు ముల్లకట్ట దగ్గర వంతెన ఉంది. ఆ వంతెన కట్టకముందు వాజేడు పోవాలంటే భద్రాచలం చుట్టు తిరిగి పోయేటోళ్లు. వంతెన దాటినంక కారు ఆపనీకి జాగ చూసుకుని దిగి నిలబడండి. అక్టోబర్ల నీళ్లు ఎరుపు తగ్గి తేటపడుతుంటయి, ఇసుక మేటలు ఒక్కొక్కటి తేలుతుంటయి. ఎంత వెడల్పు, ఎంత నిమ్మళం!

ఒక మాట చెప్తే మీ పిల్ల నమ్మదు గని, నువ్వు చెప్పు. పొద్దుగాల మన నల్లాల వచ్చే నీళ్లల్ల ఆ గోదావరి ఉంది. ఏటూరునాగారం దిక్కు గంగారం దగ్గర దేవాదుల ఎత్తిపోతల మోటార్లు గోదావరి నీళ్లను ఎత్తుతయి. ఎత్తినయి పైపుల్ల, సొరంగాల్ల, ఒక చెరువుల నుంచి ఇంకొక చెరువులకు ఎక్కుకుంట ధర్మసాగర్ దాంక వస్తయి. మూడో దశ సొరంగమైతే రామప్ప చెరువు కాడి నుంచే ధర్మసాగర్‌కు తవ్విన్రు. మన హన్మకొండ తాగేది ధర్మసాగర్ నీళ్లే. అంటే మీరు కారుల ఏ దిక్కుకు పోతున్నరో, ఆ దిక్కు నుంచే నీళ్లు మనింటికి ఎదురొస్తున్నయి. నది, చెరువు, మన బిందె, అన్నీ ఒక్క దారిలనే ఉన్నయి. నాకు ఈ సంగతి తెలిసినప్పటి సంది నల్లా ఇప్పి వదిలేసుడు చూస్తే మనసు ఒప్పుతలేదు.

గోదావరిల స్నానం అంటవా? ఘాట్ మెట్ల మీద చెంబుతోని పోసుకోండి, చాలు. లోపలికి దిగొద్దు. ఇసుక మీద నడుస్తుంటే మోకాలు లోతే అనిపిస్తది, ఇంకొక అడుగు ఏస్తే మనిషి లోతుంటది. ఈత వచ్చిన పిల్లగాండ్లు కూడ మునిగి పాణం మీదికి తెచ్చుకుంటరు. పోయే ముందు వార్తల్ల భద్రాచలం దగ్గర నీటిమట్టం ఎంతుందో చూస్కోండి. ఆడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైల 71 అడుగులు దాటింది, 1986ల 75.6 దాంక పోయింది. మీరు పోయేది భద్రాచలానికి ఎగువన గని, ఆడ హెచ్చరిక ఉన్నదంటే ఈడ కూడ నది నిండుగ ఉన్నట్టే. అప్పుడు వంతెన మీదినుంచి దండం పెట్టి రండి.

వంతెన దాటి అటు పోతే బొగత జలపాతం, వాజేడు మండలం చీకుపల్లి దగ్గర. తెలంగాణ నయాగరా అని పేరు పెట్టిన్రు. ఆ పేరు నాకైతే నచ్చది, బొగతకు బొగత అనే పేరు చాలు. ఎత్తు పెద్దగుండదు, వెడల్పు మస్తుగుంటది, తెల్లటి నీళ్లు నల్లటి బండల మీద పరుచుకుని దుంకుతయి. అటవీ శాఖ వాళ్లుంటరు, నీళ్లల్లకు దిగొద్దంటే దిగొద్దు, వాదులాడొద్దు. అత్తమ్మతోని పోతే బొగత, లక్నవరం ఒక్కరోజే పెట్టుకోకండి. ఆ కుదుపులకు కారుల ఆమె నడుము పడిపోతది.

రామప్ప మాత్రం పోయేటప్పుడే చూడండి. ములుగు కంటె ముందు గట్టమ్మ తల్లి కాడ ఎట్లాగూ ఆగి కొబ్బరికాయ కొడతరు గద. ములుగు దాటినంక జంగాలపల్లి కాడ మలిగి పాలంపేట పోవాలె. పొద్దుగాల ఏడున్నర, ఎనిమిదికల్ల గుడిల ఉండేటట్టు బయలెల్లండి. ఏటవాలు ఎండ పడ్డప్పుడు ఆ నల్లరాతి మదనికలు మెరిసినట్టు పన్నెండింటికి మెరవయి. 1213ల గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021 జూలైల యునెస్కో వాళ్లు ప్రపంచ వారసత్వమన్నరు. పేరు మాత్రం చెక్కిన శిల్పిదే నిలిచింది. గోపురం ఇటుకలు నీళ్ల మీద తేలేటంత తేలిక, పునాదిల ఇసుక నింపిన్రు. 2024 డిసెంబర్ 4న పొద్దుగాల ములుగుల 5.3 తీవ్రతతోని భూమి అదిరింది చూడు, మన ఇండ్లల్ల కూడ గిన్నెలు గలగలలాడినయి. నాకు ముందు యాదికొచ్చింది రామప్పనే. నిలబడ్డది. గుడి చూసినంక ఊరికే కారు ఎక్కకండి, పక్కనే రామప్ప చెరువు కట్ట మీదికి పోండి. గుడి కట్టినోళ్లు చెరువు కూడ తవ్విన్రు. ఒకటి చూసి ఒకటి ఇడిస్తే సగమే చూసినట్టు.

తాడ్వాయి దాటి పోతుంటే రోడ్డు పక్కన చెట్లు కుప్పలు కుప్పలుగ పడిపోయిన జాగలుంటే పిల్లలు అడుగుతరు. 2024 ఆగస్టు 31 నాడు సుడిగాలి అసొంటి గాలి వచ్చి మేడారం అడివిల వేలకు వేల చెట్లను కూల్చింది. మనిషికి దెబ్బ తగల్లే, అదొక్కటే అదృష్టం. సమ్మక్క సారలమ్మ తల్లులే ఆపిన్రని అక్కడి కోయోళ్లు అంటరు. అన్నట్టు మేడారం జాతర ఏడాదైతే, రెండేండ్లకొకసారి మాఘ పున్నమి రోజులల్ల ఆ దారి పట్టకండి. ఆ వారమంత ఆ రోడ్డు ఆ తల్లులది. జాతర లేనప్పుడు పోతే మాత్రం మేడారం గద్దెల కాడ ఎవరూ లేని నిశ్శబ్దంల నిమ్మళంగ మొక్కుకోవచ్చు.

తీస్కపోయేయి చెప్తున్న, రాసుకో. దోమలకు పూసుకునే క్రీము ముందు రాసుకో, అది ఏజెన్సీ ఏరియా, మలేరియా ఉంటది. పిల్లలకు పొడుగు చేతుల బట్టలు, సాయంత్రం అయితే వేసేయి. రెండు టార్చిలైట్లు, ఫోన్ లైటు మీద భరోసా పెట్టుకోవద్దు. చీకటిల చెప్పుల్లేకుండ బయటికి పోవద్దు, పొద్దుగాల బూట్లు దులిపి తొడగాలె, పాములు తేళ్లు ఉంటయి. జ్వరం గోళీ, ఓఆర్‌ఎస్, అత్తమ్మ బీపీ గోళీలు నాలుగు రోజులకు సరిపడ. కొంచెం నగదు, అడివిల సిగ్నల్ అందకపోతే ఫోన్ పే నడవదు. ములుగుల పెట్రోల్ పోయించుకోండి. పండ్లు, బిస్కెట్లు సంచుల కట్టి పెట్టుకోండి, కోతులు చేతుల నుంచే గుంజుకపోతయి. సకినాలు నేనిస్త, పండుగకు చేస్తున్న గద.

తిండికి హోటలే చాలు. పొద్దుగాల్నే చేపల కూర చెప్పి పెడితే మాపటికి చేస్తరు. అడివిల పొయ్యి పెట్టి బగారన్నం వండుదామని బావ అనొచ్చు. వద్దని చెప్పు. ఎండుటాకుల్ల ఒక్క నిప్పురవ్వ చాలు. అక్కడి కోయోళ్లకు ఇప్పపువ్వు, తునికాకు, తేనె, అన్నీ ఆ అడివే ఇస్తది. మన ఒక్కపూట తిండి కోసం అది కాలొద్దు. నీళ్ల సీసాలు, కుర్‌కురే కవర్లు ఒక సంచుల ఏసుకుని మళ్ల హన్మకొండ తెచ్చి మన చెత్త బండిలనే ఏయండి. చెరువు ఒడ్డున పడేసిన కవర్ తూముల ఇరుకుతది, ఏ రైతో మునిగి తీయాలె.

పడవ ఎక్కుతరు గద, లైఫ్ జాకెట్ ఏసుకోకుండ పిల్లల్ని ఎక్కనీయకు. "మెల్లగ పోతం మేడం" అని ఎవరన్న అన్నా వినకు. సరిపోయే సైజు లేకుంటే దిగిపోండి. పొద్దుగూకే లోపలే బోటింగు అయిపోవాలె, ఇద్దరు పిల్లల మీద ఒక్కొక్కరు ఒక కన్ను వెయ్యాలె. ఫొటో దిగుతుంటే ఎవరు ఎవర్ని చూస్తున్నరో ముందే చెప్పుకోండి.

ఇగ రెండు రాత్రులు ఎట్ల పంచుకుంటరంటే, మొదటిరోజు రామప్ప, మధ్యాహ్నానికి లక్నవరం, ఇగ ఎక్కడికీ కదలొద్దు. రెండోరోజు పొద్దుగాల గోదావరి, బొగత వద్దనుకుంటే మంగపేట దిక్కు మల్లూరు హేమాచల నరసింహస్వామి, పొద్దుగూకే లోపల మళ్ల చెరువు కాడికి. అడివి రోడ్డు చీకటి పడ్డంక నడపొద్దు, దుప్పులు, అడివి పందులు అడ్డమొస్తయి. మూడోరోజు ఏం పెట్టుకోవద్దు. పొద్దుగాల మబ్బులనే లేచి చెరువు ఒడ్డున కూసోండి, టిఫిన్ చేసి ఇంటికి రండి. అన్నీ చూడాలని ఉరికితే అన్నం ముందర పెట్టుకుని వాసన చూసి లేచినట్టుంటది.

మీరు లేని రెండు రోజులు మీ మల్లెచెట్టుకు, తులసికి నీళ్లు నేను పోస్త, పాలోనికి నేనే చెప్త. తాళంచెవి ఇచ్చి పో. ముందైతే ఇప్పుడే లోపలికి పోయి బావతోని ఏకాదశి, ద్వాదశి రాత్రులకు బుక్ చేయించు. ఒడ్డు మీద రూము, అత్తమ్మకు కింది అంతస్తు. నేను ఈడనే ఉంట, దొరికిందో లేదో చెప్పు.